తాండూరు హాల్లో శకుంతల గొంతు

తాండూరులో బండకు కరువు లేదు. అందుకే మా హాల్లో నేల క్లాసు అంటే నిజంగా నాపరాయి పరిచిన నేలే. ఎండాకాలం మాట్నీకి వచ్చినవాళ్లు సినిమా చూడ్డానికొచ్చారో, వీపు చల్లబరుచుకోవడానికొచ్చారో చెప్పడం కష్టం. గనుల్లో పొద్దుటి నుంచీ సుత్తి కొట్టి వచ్చినవాళ్లు, పాలిషింగు మిషన్ల దగ్గరి దుమ్ము తలకెత్తుకుని వచ్చినవాళ్లు, తండాల నుంచి అద్దాల రవికెల లంబాడీ ఆడవాళ్లు, సరుకు అమ్ముకోవడానికొచ్చి రాత్రి బండి దాకా ఆగిపోయిన కన్నడంవాళ్లు. వీళ్లంతా చెవులు చేటలంత చేసుకుని వినేది నన్నే. నేను తెర వెనక స్పీకర్ని.

కింద బీరువాంత చెక్కపెట్టె, దాన్లో 15 అంగుళాల కాగితపు కోను, పైన రేకు హారను. అదీ నా ఆకారం. సినిమా తెర నిండా కంటికి ఆనని చిల్లులుంటాయి. అవి లేకపోతే నా మాట గుడ్డకు తగిలి అక్కడే చచ్చిపోతుంది. ఆ చిల్లుల్లోంచే నేను జనాన్ని చూశాను. బొమ్మ సంగతి అడక్కండి. తెర వెనక నుంచి కుడిఎడమలు తారుమారైన మసక నీడలే తప్ప ఏ తారామణి ముఖమూ నాకు సరిగా తెలియదు. గొంతులు మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

1970ల చివర్లో నన్ను ఇక్కడికి తెచ్చారు. సికింద్రాబాద్ నుంచి వాడి వైపు పోయే లైను మీద గూడ్సులో వచ్చాను. ఆ లైను 1874లో నిజాం వేయించుకున్నది. నా తర్వాత అదే దారిన రేకుడబ్బాల్లో రీళ్లు వచ్చేవి. నగరంలో ఆడి, జిల్లా కేంద్రాల్లో ఆడి, అతుకుల బొంతగా మారాక మా వంతు. ఫిలిం అంచున సన్నటి శబ్దపు గీత ఉంటుంది. చిన్న దీపం వెలుతురు దాని గుండా పోయి ఫోటోసెల్ మీద పడితే, ఆ వెలుగునీడలు కరెంటుగా మారి, ఆంప్లిఫయర్లో బలిసి నా దగ్గరకొస్తాయి. ఆ గీత తన బొమ్మకంటే ఇరవై ఫ్రేముల దాకా ముందుంటుంది. కాబట్టి ఆపరేటరు తెగిన రీలు అతికించినప్పుడల్లా పెదవి ఒకచోట, మాట ఇంకోచోట. నేల క్లాసు ఈలలు వేసేది, తిట్లు మాత్రం నాకు.

నాలో పోసిన భాష కృష్ణా, గుంటూరు జిల్లాలది. దశాబ్దాల పాటు అదే పోశారు గనక నాకూ అదే పట్టుబడింది. ఇదిగో, ఈ కథ చెబుతున్నదీ అందులోనే. నేల మీద కూచున్నవాళ్ల మాట వేరు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగాక హాలు నిండా ఇంకో తెలుగు వినిపించేది. ‘ఏడికి వోతున్నవ్ర’, ‘గట్లనా వదినె’, మధ్యలో దక్కనీ ఉర్దూ, కాస్త కన్నడం. ఆట మొదలవగానే అది నోరు మూసుకునేది. తమ మాట తెర మీద రాకపోవడం వాళ్లకు లోటుగా అనిపించిందని కూడా అనలేను. సినిమా మాట సినిమాది, ఇంటి మాట ఇంటిది, అంతే అనుకునేవారు.

నటి తెలంగాణ శకుంతల గొంతు నాకు మొదట తగిలింది ‘మా భూమి’లో. 1980లో విడుదలైన సినిమా, మా దగ్గరకు ఎప్పటిలాగే అరిగిపోయి వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీశాడు. ఆయన బెంగాలీ. నిర్మాతల్లో ఒకరు బి. నరసింగరావు. తెలంగాణ సాయుధ పోరాటం కథ. గద్దర్ పాట కూడా నా నుంచే పోయింది. ఆ రోజు నేల క్లాసు చేసిన పని నాకింకా గుర్తుంది. పాత్రలు మాట్లాడుతుంటే జనం తిరిగి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. దొర గడీ సీన్లలో ఒక ముసలాయన లేచి నిలబడి, ‘అగో, గట్లనే జేసిన్రు మా నాయిన్ను’ అన్నాడు. ఎవరూ కూచోమనలేదు. ఆ సినిమాలో శకుంతలది తొలి వేషం. పేరుమోసిన నటి కాదు, నాటకాల నుంచి వచ్చింది. ఆ గొంతులో గరుకు ఉంది. మెత్తటి గొంతులు హారన్లోంచి జారిపోతాయి. ఈమెది కోనును పట్టుకుని లాగింది. ఈ మనిషి ఎవరో గాని, మాట నోట్లో నానబెట్టకుండా విసురుతుంది అనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆమె మరాఠీ మనిషని. అసలు పేరు కడియాల శకుంతల, 1951లో మహారాష్ట్రలో పుట్టింది. దీన్ని వింత అనేవాళ్లు మా లైను మీద ప్రయాణం చేసి ఉండరు. వికారాబాద్ జంక్షన్లో దిగి చూడండి. బీదర్ మీదుగా పర్లీకి పోయే రైలు మార్గం అక్కడే చీలుతుంది. ఆ బండి దిగిన మరాఠీవాళ్లు, గుల్బర్గా నుంచి వచ్చిన కన్నడంవాళ్లు, పక్కూళ్ల తెలుగువాళ్లు ఒకే ఛాయ్ కొట్టు దగ్గర నిలబడి ఏ మాటలో బేరమాడుకుంటారో విన్నారా? 1956 దాకా మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు, తెలంగాణ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. మరాఠీ ఇంట పుట్టిన ఆడమనిషి తెలంగాణ మాటను ఇంటి మాటలా తిప్పగలగడంలో ఆశ్చర్యం నాకైతే కనబడదు. ఆశ్చర్యమంతా మద్రాసులో సినిమా తీసినవాళ్లకే.

తెరమీద పెదవి ఒకరిది, గొంతు ఒకరిది అన్న రహస్యం స్పీకర్లకే ముందు తెలుస్తుంది. ఎన్నో సినిమాల్లో విజయశాంతి గర్జన సరిత గొంతు. నేల క్లాసుకు చెబితే నన్ను తన్నేవారు. శకుంతల తెలుగులో తన మాట తానే చెప్పుకుంది. ఆ గొంతును అరువిచ్చేవాళ్లు దొరకరు.

‘మా భూమి’ తర్వాత ఇక తెలంగాణ మాట వరదలా వస్తుందనుకుంటే అది రాలేదు. వచ్చినప్పుడు కూడా విలన్ నోటనో, జోకరు నోటనో వచ్చింది. 1985లో ‘ప్రతిఘటన’ వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు కాశయ్యగా తెలంగాణ యాసలో హాలును ఊపేశాడు. ఆయన కృష్ణా జిల్లా కంకిపాడువాడు. గొప్ప నటుడు, అనుమానం లేదు. జనం నవ్వారు, నేనూ అదిరాను. నవ్వాక నేల క్లాసులో ఒక చిత్రమైన నిశ్శబ్దం వచ్చేది, తమ మాటే అంత చెడ్డవాడి నోట ఎందుకు పెట్టారో ఆలోచిస్తున్నట్టు. ఒకవేళ అది నా ఊహేనేమో. నరసింగరావు తీసిన ‘దాసి’ 1988 నాటిది. దానికి జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి అయింది. మా హాలుకు ఆ డబ్బా రానేలేదు.

1990లలో నాకు కష్టకాలం. ఎలకలు కోను కొరికాయి, కాయిలు మాడింది. కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లి కొత్త కాగితం అంటించారు. ఆ తర్వాత డీటీఎస్ వచ్చింది. ఫిలిం పక్కన గుర్తులు, శబ్దం వేరే సీడీలో. గోడల నిండా చిన్న స్పీకర్లు బిగించారు. నా పని అయిపోయిందనుకున్నాను. కాని హాలు సేటు చెయ్యి బిగువు మనిషి. నన్ను మధ్య ఛానెల్‌కు ఉంచేశాడు. తుపాకులు, ఉరుములు, పాటలు గోడలకు పోయాయి. మాటలు మధ్యలోంచే వస్తాయి గనక అవి నాకు మిగిలాయి. ఈ ఏర్పాటు శకుంతల కోసమే జరిగిందా అనిపించేది, ఎందుకంటే ఆమె అసలు ఆట అప్పుడే మొదలైంది.

2001లో తేజ ‘నువ్వు నేను’. ఉదయ్ కిరణ్ కోసం కాలేజీ పిల్లలు వచ్చారు, అమ్మలక్కలు మాత్రం శకుంతల కోసం రెండోసారి వచ్చారు. హీరోయిన్‌ది పాలు అమ్ముకునే ఇల్లు, ఆ ఇంటి మనిషిగా ఈమె. నోరు విప్పిందంటే బర్రెలు కూడా సర్దుకు నిలబడాల్సిందే. మా హాల్లో పాలు పోసే ఆడవాళ్లు నిజంగానే ఉన్నారు. ‘అవ్వో, మా అత్త లెక్కనే తిడ్తున్నది’ అని ఒకామె, ‘మీ అత్త గాదు, నువ్వే’ అని పక్కామె. ఆ కేకల్లో నా మాట నాకే వినబడలేదు.

2003 సంక్రాంతికి ‘ఒక్కడు’. అందులో ప్రకాశ్ రాజ్ చేసిన ఓబుల్ రెడ్డికి తల్లి. కథ కర్నూలుది, కాబట్టి ఈసారి రాయలసీమ యాస. పేరులో తెలంగాణ ఉంది, నోట్లో సీమ ఉంది, పుట్టుక మరాఠీది. అదే ఏడాది తమిళంలో ‘ధూళ్’లో స్వర్ణక్కగా విక్రమ్‌కు ఎదురు నిలిచింది. తమిళులకు ఆమె ఇప్పటికీ స్వర్ణక్కే. తెలుగులో తల్లి, అత్త, ఇంటి పెత్తనం. తమిళంలో మాత్రం రౌడీ రాజ్యం నడిపే ప్రధాన విలన్ను చేసి పెట్టారు. మనవాళ్లు అంత ధైర్యం ముందుగా ఎందుకు చేయలేదో.

ఒక మాట చెప్పాలి. ఆమెను ఎక్కువగా అరిపించారు. దర్శకులకు ఆ గొంతు దొరికితే నాలుగు తిట్లు రాసుకుంటే చాలనిపించేదేమో. నేను మాత్రం రెండు తిట్ల మధ్య ఆమె తీసుకునే ఊపిరి విన్నాను. ‘ఓ బిడ్డా’ అన్నప్పుడు గొంతు కిందికి దిగే తీరు విన్నాను. ఏడుపు కూడా పలకగల గొంతది. దానికి ఏడుపు ఇచ్చినవాళ్లు తక్కువ. పైగా పేరుకు ముందు ఒక ప్రాంతాన్ని తగిలించారు. సావిత్రికో, సూర్యకాంతానికో ఎవరూ జిల్లా పేరు తగిలించలేదు కదా. తమ మాట మామూలు, ఈమె మాట ప్రత్యేకం అని ముద్ర వేయడమే అది. ఆమె మాత్రం ఆ ముద్రనే బోర్డుగా పెట్టుకుని అన్నం తిన్నది, పేరూ సంపాదించింది.

డిజిటల్ వచ్చాక రీళ్ల డబ్బాలు ఆగిపోయాయి. హాలు మరమ్మతుకు మూసి, మళ్లీ తెరవలేదు. నన్ను వికారాబాద్‌లో ఒక సౌండ్ సర్వీసు కుర్రాడు కొన్నాడు. పెళ్లిళ్లు, బతుకమ్మలు, కార్తీకంలో అనంతగిరి జాతర. ఆ దుకాణంలో ఒక టీవీ ఉంది. పొద్దస్తమానం కామెడీ ముక్కలు వేస్తుంటారు. ఒక మధ్యాహ్నం తెలిసిన గరుకు వినబడింది. మొట్టమొదటిసారి ఆమెను ముందు నుంచి, తారుమారు కాకుండా చూశాను. నా ఊహలో ఆమె ఎత్తుగా, బక్కగా ఉండేది. తీరా చూస్తే భారీ మనిషి, పెద్ద బొట్టు. నోటికంటే ముందు కళ్లు తిట్టేస్తున్నాయి. ఆ కళ్లు నాకు ఇన్నేళ్లూ అందలేదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ వారమంతా నాకు ఊరేగింపులతో తీరికే లేదు. జూన్ 14న కొంపల్లిలో ఆమె గుండెపోటుతో పోయిందని అదే టీవీ చెప్పింది. 63 నిండి అయిదు రోజులు. పేరులో ఉన్న రాష్ట్రం పటంలోకి ఎక్కాక పన్నెండు రోజులు.

2017లో ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి. ఆమెదీ ఇక్కడ కాదు, నీలగిరుల్లోని కోటగిరి. మాట నేర్చుకుని తనే డబ్బింగ్ చెప్పింది. ఈ మాట ఇక హీరోయిన్ నోటికీ వచ్చింది. 2023లో ‘బలగం’ వచ్చాక ఊళ్లలో పంచాయతీల ముందు, బడి ఆవరణల్లో తెర కట్టి ఉచితంగా ఆడించారు. వికారాబాద్ దగ్గర ఒక ఊరికి నన్నూ ట్రాలీలో వేసుకుపోయారు. అందరూ ఏడ్చారు. ఆట అయ్యాక సర్పంచి మైకులో నాలుగు ముక్కలు మాట్లాడి స్టూలు మీద పెట్టి పోయాడు. ముందు వరస ముసలమ్మలు కదలలేదు. సినిమాలో నల్లి బొక్క దగ్గర అలిగి పోయిన అల్లుడి మీద పంచాయితీ పెట్టుకున్నారు.

‘గా కొట్లాటల శకుంతల ఉంటే, గాయన పీటమీది కెల్లి లేసెటోడా?’ అంది ఒకామె.

వైర్లు చుడుతున్న మా కుర్రాడు తలెత్తాడు. ‘ఏ శకుంతల, అవ్వా?’

ఆమె గబగబా వచ్చి నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది. స్టూలు మీది మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

‘శకుంతల ఎవలా? నీ వయసెంత్రా, నీ చదువేంద్రా? ఆగు, తిట్టి సూపిస్త!’ 

తిట్టింది. నాలుగు వీధుల అవతల కుక్కలు లేచాయి.