కొమరోల్లో మారువేషం

మా అక్క కొడుకు బెంగళూరు నుంచి మా ఊరు కొమరోలుకు సెలవులకొస్తూ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట మోసుకొచ్చాడు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం కట్టి, నోటితోనే కథ నడపాలి. నాకు దొంగ వేషం ఇచ్చాడు. మేనమామంటే ఆ మాత్రం గౌరవం!

"కోటలోకి దూరాలి మామా, పాచిక వెయ్యి" అన్నాడు.

ఆ పాచికకు 20 ముఖాలు. పడ్డ అంకెకు నా నక్కి నడిచే నేర్పు, అదే స్టెల్త్, కలుపుకోవాలి. కావలివాడు మాత్రం పాచిక ముట్టుకోనక్కర్లేదు. వాడు ఊరికే నిలబడి ఆవులించినా, 10కి వాడి గమనించే నేర్పు కలిపి ఒక లెక్క ఉంటుంది. దాని పేరు పాసివ్ పర్సెప్షన్. మామూలు కావలివాడికి పుస్తకంలో ఇచ్చింది 12.

"పన్నెండేనా? మరి మన వీధి మలుపులో అవ్వకెంత వేస్తావురా అబ్బీ?" అన్నా. వాడు నోరు మెదపలేదు.

అవ్వకు రెండు కళ్లల్లోనూ శుక్లాలే. అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీసుకుంటా తల కూడా ఎత్తదు. అయినా గిద్దలూరు బస్సు దిగినోడు ఎవరింటికి పోతున్నాడో, అప్పు అడగడానికా, పిల్లను చూడ్డానికా, అంతా చెప్పేస్తుంది. ఆటలో అబద్ధమాడితే మనది డిసెప్షన్, ఎదుటివాళ్లది ఇన్‌సైట్. ఎవరికి ఎక్కువ పడితే వాళ్లది గెలుపు. సాధారణంగా ఒక్క పాచికతో తేలిపోతుంది. అవ్వ దగ్గర అట్లా కాదు. "ఎవురు నాయనా?" తర్వాత మీ నాయన పేరు, ఆ తర్వాత మీ అమ్మ పుట్టిల్లు, రాచర్లోళ్లు మీకేమవుతారు... ఎంత గట్టి వేషమైనా అక్కడికి ఊడొస్తుంది.

"ఇదంతా మన భారతంలోనే ఉందని మాత్రం అనొద్దు మామా" అని వాడు ముందే మొక్కుకున్నాడు. అన్నా. తిక్కన భారతం మొదలుపెట్టిందే అజ్ఞాతవాసపు కథతో కదా! పట్టుబడితే మళ్లీ 12 ఏళ్లు అడవే. అంత ముప్పు నెత్తిన పెట్టుకుని, పాచికలతో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు ఎంచుకున్న కొలువేంటి? విరాటుడితో పాచికలాట! చివరికి ఆ పాచికతోనే ముఖం పగలగొట్టించుకున్నాడు. భీముడు వంటవాడిగా చక్కగా కుదురుకున్నాడు గానీ చెయ్యి ఊరుకోలేదు, కీచకుణ్ణి చంపేశాడు. వేగులవాళ్లు దేశమంతా గాలించి వట్టి చేతులతో తిరిగొచ్చారు. కీచకుడు చచ్చాడన్న కబురొక్కటే దుర్యోధనుడికి అనుమానం పుట్టించింది. వేషం కట్టడంలో పాండవులకు వంక పెట్టలేం. సొంత బుద్ధి దాచుకోవడమే చేతకాలేదు.

పాచిక మీద 20 పడితే దేన్నయినా నెగ్గినట్టే అనుకుంటారు చాలామంది. ఐదో ఎడిషన్ పుస్తకం ప్రకారం అది కత్తి దెబ్బకు చెల్లుతుంది గానీ, నక్కడానికీ నటించడానికీ చెల్లదు. ఈ రూలు రాసినవాళ్లు కొమరోలు చూసి ఉండరు గానీ, రూలు మాత్రం సరిగ్గానే రాశారు.