ఉమ్మి జాతకం

మా బావగారు ఓ గొట్టంలో ఉమ్మి నింపి, ఎనిమిది వేలు కట్టి కొరియర్‌లో పంపారు. మూడు వారాలకి 40 పేజీల రిపోర్టు దిగింది. తాతగారి జాతకచక్రంలో పన్నెండు గళ్లే. ఇందులో ఏ పేజీ తిప్పినా గళ్లే, వాటి నిండా ఆకుపచ్చ చుక్కలూ ఎర్ర చుక్కలూ. ఎఫ్‌టీఓ అనే జీను దగ్గర ఎర్ర చుక్క పడింది.

"ఒళ్లు నా చేతుల్లో లేదు బావా, జీన్లలోనే రాసిపెట్టి ఉంది" అన్నారు, ముద్దపప్పులో రెండో గరిటె నెయ్యి పోసుకుంటూ. వెనకటికి ఈ నింద శనిగ్రహం మోసేది. పాపం, దానికిప్పుడు విశ్రాంతి.

ఎఫ్‌టీఓ అబద్ధమేం కాదు. 2007లో యూరప్ జనాన్ని పరీక్షిస్తే, అందులోని ఒళ్లు పెంచే రకం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ సంక్రమించినవాళ్లు, అసలు లేనివాళ్లకంటే సగటున ఓ 3 కిలోలు ఎక్కువ తూగారు. బావగారు పెళ్లినాటికంటే 28 కిలోలు పెరిగారు. పీటల మీద కూర్చున్ననాడూ ఆ జీను ఆయన ఒంట్లోనే ఉంది మరి!

ఆయన ఒంటికి కొవ్వు ఫరవాలేదనీ, పిండిపదార్థాలు తగ్గించాలనీ రిపోర్టు సెలవిచ్చింది. మొదటి ముక్క శిరసావహించారు, రెండోది కంటికి ఆనలేదు. అన్నం తగ్గలేదు, నెయ్యి పెరిగింది. ఈ జీన్ల జోస్యాన్నే స్టాన్‌ఫర్డ్‌లో 609 మంది మీద ఏడాదిపాటు తూచి చూశారు. జీన్లకి నప్పే తిండి తిన్నవాళ్లు నప్పనిది తిన్నవాళ్లకంటే అదనంగా తగ్గిందేమీ లేదని 2018లో తేల్చారు.

జీనుకీ తిండికీ నిజంగా ముడిపడ్డ చోట్లు లేకపోలేదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జీను లోపంతో పుట్టిన బిడ్డకి పాలలోని ప్రోటీనే మెదడుకి చేటు. మడమ నుంచి తీసిన రక్తపు బొట్టు దాన్ని పట్టిస్తుంది. వెంటనే తిండి మారిస్తే బిడ్డ మెదడు దక్కుతుంది. ఇక పాలు పడనివాడికి ఆ సంగతి కడుపే చెబుతుంది, కొరియర్ ఖర్చు కూడా లేకుండా.

"షుగరు మా వంశంలోనే ఉంది" అంటారు బావగారు. ఉంటుంది, కాదనను. కానీ తాతగారి ఆస్తిలో జీన్లతోపాటు వంటిల్లూ వచ్చింది, కంచం నిండా అన్నం, దాని మీద గడ్డపెరుగుతో సహా. ఆయన రోజూ పొలం గట్ల వెంట నడిచిన నడకని మాత్రం వాటా అడిగినవాడు లేడు.

బావగారి పరగడుపు షుగరు ఎంతో ఆ 40 పేజీల్లో ఎక్కడా లేదు. వేలికొన నుంచి ఒక్క బొట్టుతో తెలిసిపోయే లెక్క అది. ముప్ఫై దాటినవాళ్లు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూపించుకోండి. అక్కడ డబ్బులడగరు.