హ్యాండ్లింగ్ చార్జీలు

కొత్త కారు అప్పగించే రోజు షోరూమ్‌లో జరిగే మర్యాద అత్తారింట్లో కొత్తల్లుడికి కూడా జరగదు. బండి మీద ఎర్ర గుడ్డ కప్పుతారు, రిబ్బన్ కడతారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. కేకు కోయించి, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో పళ్లికిలిస్తున్న మనిషి అప్పటికే ఎక్స్-షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీస్ కిట్, వీటన్నిటి అడుగున హ్యాండ్లింగ్ చార్జీలు కట్టేసి ఉంటాడు. ఆ చివరి పద్దు దేనికయ్యా అంటే, "బండిని మీ దాకా జాగ్రత్తగా తెచ్చినందుకు సార్" అంటారు.

మా బావమరిదీ కట్టాడు. నెల తిరక్కుండానే మొదటి ఫ్రీ సర్వీసుకు బండి ఇచ్చాడు. వాటర్ వాష్ అయ్యాక ఓ కుర్రాడు రివర్స్ తీస్తూ వర్క్‌షాపు ఇనుప స్తంభానికి గుద్దేశాడు. ఎడమవైపు వెనక డోరు లోపలికి పోయింది. చక్రం పైభాగం దాకా రంగు లేచిపోయింది. హ్యాండ్లింగ్‌కు డబ్బు కట్టించుకుని మరీ చేయిచేసుకున్నారన్నమాట.

ఇలాంటప్పుడు కస్టమర్‌కు షోరూమ్ ఏమి ఇచ్చుకోవాలి? షోరూమ్ లెక్కలో మొదట ఇవ్వాల్సింది కాఫీ. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాక సర్వీస్ అడ్వయిజర్ వచ్చి "చిన్న టచ్ సార్" అన్నాడు. మన చేతిలో జరిగితే యాక్సిడెంట్, వాళ్ల చేతిలో జరిగితే టచ్.

"రబ్బింగ్ పాలిష్ కొడితే పోతుంది సార్."

"సొట్ట కూడా పాలిష్‌కు పోతుందా?"

"దానికి టింకరింగ్ ఉంది కదా సార్. మీకు తెలియనే తెలియదు."

అబద్ధమేమీ కాదు. మావాడు చెప్పిన టైముకన్నా ముందే వెళ్లాడు కాబట్టి తెలిసింది గానీ, సాయంత్రం వెళ్లి ఉంటే తెలిసేదే కాదు. ఎప్పటికీ తెలియదా అంటే, అమ్ముకునే రోజున తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఉత్త బాడీగా ఉన్నప్పుడే రంగు వేసి 140 డిగ్రీలకు అటూ ఇటూగా కాలుస్తారు. వర్క్‌షాపులో అంత వేడి పెడితే వైర్లు, రబ్బర్లు, ప్లాస్టిక్కు పాడైపోతాయి కనుక 60 డిగ్రీల దగ్గర సరిపెడతారు. సెకండ్‌హ్యాండ్ కొనేవాడు అరచేతిలో పట్టే మీటరు తెచ్చి డోరుకు ఆనిస్తాడు. అది రంగు మందం మైక్రాన్లలో చెప్పేస్తుంది. "రీపెయింట్ అండీ" అని అతను ధర తెగ్గోసేటప్పుడు కాఫీ ఇచ్చిన అడ్వయిజర్ పక్కన ఉండడు.

రెండో విడత మేనేజర్ వచ్చాడు. "మీకు బంపర్ టు బంపర్ ఉంది కదా సార్, క్లెయిమ్ పెట్టేద్దాం. ఫైల్ చార్జీ వెయ్యి మీరు కట్టండి, మిగతాదంతా మేం చూసుకుంటాం." గుద్దింది వాళ్లు, పాలసీ మనది, వెయ్యీ మనదే. ఏడాదిపాటు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది, వరసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం. ఒక్క క్లెయిమ్‌తో అది కాస్తా పోతుంది. ఇక ఫారంలో "ప్రమాద సమయంలో బండి నడిపినవారు" అన్న గడిలో మావాడి పేరు, "ఎలా జరిగింది" అన్నచోట "ఇంటి గేటు తగిలి" అని అప్పటికే పెన్సిల్‌తో రాసి ఉంచారు. మావాడి ఇంటికి ఇంకా గేటే పెట్టలేదు. షోరూమ్‌వాళ్లు ఉచితంగా ఇచ్చిన యాక్సెసరీ అదొక్కటే. ఆ ఫారం కింద సంతకం పెడితే అబద్ధపు క్లెయిమ్ పెట్టినవాడు మావాడవుతాడు, స్తంభం మాత్రం నిర్దోషిగా బయటపడుతుంది. నిజానికి వర్క్‌షాపు ఆవరణలో జరిగే ఇలాంటి నష్టాల కోసం 'మోటార్ ట్రేడ్' పాలసీలని వేరే ఉన్నాయి. వాటికి ప్రీమియం షోరూమ్ కట్టుకోవాలి, అదొక్కటే ఇబ్బంది.

సీసీ కెమెరా చూపించమంటే ఆ స్తంభం వైపుది నిన్నటి నుంచే పనిచేయడం లేదట. గుద్దిన కుర్రాడి సంగతి మాత్రం అడగకుండానే తేల్చేశారు: "వాడి జీతంలో కోసేస్తాం సార్." లక్షల బండి తాళాలు వాడి చేతిలో పెట్టింది ఎవరన్న ప్రశ్న ఆ మాటతో మాయమైపోయింది.

మూడో విడత కంపెనీ. "మెయిల్ పెట్టాం సార్, పైనుంచి అప్రూవల్ రావాలి." 2009లో తయారైన కారును 2011 మోడల్ అడిగినవాడికి అంటగట్టిన గోవా కేసులో సుప్రీంకోర్టు 2021లోనే తేల్చింది. కంపెనీకి, డీలర్‌కు మధ్య ఉన్నది ఎవరి వ్యాపారం వారిదన్న ఒప్పందమైతే, డీలర్ చేసిన తప్పును, అది తనకు తెలుసని రుజువు కాకుండా, కంపెనీకి అంటగట్టడం కుదరదు. అంటే స్తంభం డీలర్‌ది, కుర్రాడు డీలర్ మనిషి, సొట్టా డీలర్‌దే. దానికి పైవాడి అప్రూవల్ దేనికి?

ఇక మిగిలింది గోడ మీది బోర్డు: వాహనాలు ఓనర్ల రిస్క్‌పైనే ఉంచబడును. 1998లో ఢిల్లీలోని ఓ పెద్ద హోటల్లో వాలెట్ పార్కింగ్‌కు ఇచ్చిన మారుతీ జెన్ దొంగల పాలైంది. పార్కింగ్ చీటీ మీద ఇదే ముక్క అచ్చేసి ఉంది. తాళాలు చేతికి తీసుకున్నాక అచ్చేసిన చీటీని అడ్డం పెట్టుకుని సొంత అజాగ్రత్త నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019 నవంబరులో చెప్పింది. ఆ చీటీ చెల్లదని తేలేసరికి ఇరవై ఏళ్లు దాటింది. బోర్డులు రాసేవాళ్లకు ఆ ధైర్యం చాలు.

అసలు ఈ ధర్మం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. 151వ సెక్షన్ ప్రకారం, మన దగ్గర ఉంచిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. మేనేజర్‌ను ఒక్కటే అడగాలి: మీ ఎండీగారి కారును ఆ కుర్రాడు ఎన్నడైనా రివర్స్ తీశాడా?

సాక్ష్యం కూడా వాళ్ల కాగితంలోనే ఉంది. బండి తీసుకునేటప్పుడు రాసే జాబ్ కార్డులో కారు బొమ్మ ఉంటుంది, పాత గీతలు, సొట్టలు ఉంటే దాని మీద గుర్తు పెడతారు. మావాడి జాబ్ కార్డులో ఆ బొమ్మ మీద ఒక్క గుర్తూ లేదు. కింద అడ్వయిజర్ సంతకం ఉంది.

రంగు వేసి దాచేసే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. 1990లో అమెరికాలోని అలబామాలో ఓ డాక్టరు కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలలు నడిపాక, మరింత మెరుపు పెట్టించడానికి ఓ షాపుకు తీసుకెళితే, దీనికి ఇదివరకే రంగు వేశారని వాళ్లు కనిపెట్టారు. దారిలో ఆమ్లవర్షం పడి రంగు పాడైతే 601 డాలర్లతో మళ్లీ వేయించి కొత్తదని అమ్మారు. రిపేరు ఖర్చు ధరలో 3 శాతం దాటకపోతే కస్టమర్‌కు చెప్పనక్కర్లేదన్నది కంపెనీ విధానం. జ్యూరీ విలువలో తరుగు కింద 4,000 డాలర్లు, బుద్ధి రావడానికి 40 లక్షల డాలర్లు వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని 20 లక్షలకు తగ్గిస్తే, 1996లో అమెరికా సుప్రీంకోర్టు అదీ మరీ ఎక్కువని కొట్టేసింది. చివరికి 50 వేల దగ్గర తేలింది. శిక్ష ఎంత ఉండాలన్న చోటే కోర్టులు కొట్టుకున్నాయి గానీ, దాచడం తప్పు కాదని తేలి డబ్బు ఎగిరిపోలేదు.

కాబట్టి షోరూమ్ బాకీ పడింది కాఫీ కాదు, ఉచిత టెఫ్లాన్ కోటింగ్ అంతకన్నా కాదు. మా చేతిలో ఫలానా రోజున ఇలా దెబ్బతింది అని లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. సొట్ట తీసిన డోరు కాకుండా కంపెనీ కొత్త డోరు సొంత ఖర్చుతో వేయాలి. అన్నాళ్లూ తిరగడానికి బండి ఇవ్వాలి. రీపెయింట్ వల్ల తరిగే విలువ చేతిలో పెట్టాలి. రిజిస్ట్రేషన్ కాకముందే గుద్ది ఉంటే వేరే బండే ఇవ్వాలి. ఇవ్వకపోతే 2019 వినియోగదారుల చట్టం ఉంది. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. పది లక్షలు దాటి ఇరవై లక్షల లోపు కారుకు ఫీజు 400 రూపాయలు. షోరూమ్‌లో ఆ డబ్బుకు ఒక ఫ్లోర్ మ్యాట్ రాదు.

మావాడు ఇవన్నీ చెప్పాడు. సెక్షన్ 151 అంటే మేనేజర్ తలూపాడు, సుప్రీంకోర్టు అంటే ఇంకో కాఫీ చెప్పాడు. మర్నాడు కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుందని తెలిశాక మాత్రం పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. పదికి పది ఇవ్వకపోతే మొత్తం బ్రాంచి ఇన్సెంటివ్ పోతుందట. కొత్త డోరు ఆర్డరు పెట్టామని, తిరగడానికి బండి బయటే ఉందని చెప్పి లెటర్ చేతికిచ్చాడు. అందులో "గుడ్‌విల్ కింద ఉచితంగా" అని ఉంది.

మావాడు పెన్ను అందించాడు. "గుడ్‌విల్ కొట్టేసి, మా పొరపాటు వల్ల అని రాయండి."

మేనేజర్ చాలాసేపు ఆలోచించాడు. "అలా రాస్తే పదికి పది గ్యారంటీయేనా సార్?"