పాత వెర్షన్ బాబాయిగారు

మోటారు వేసే ఆయన, మెయింటెనెన్స్ లెక్కలు అడిగే ఆయన ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. ఈ మధ్య వాళ్లకు తోడుగా పాస్‌వర్డుల మీద ఉపన్యాసం ఇచ్చే ఆయన కూడా తయారయ్యారు. మా బ్లాకులో ఆ పదవి బాబాయిగారిది. బ్యాంకులో చీఫ్ మేనేజరుగా రిటైరయ్యారు. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఇద్దరు ఆఫీసర్ల దగ్గర చెరొకటి ఉండాలన్న నియమంతో ఉద్యోగమంతా వెళ్లదీసిన మనిషి. తాళం అన్న మాట వినబడితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది.

లిఫ్టులో ఆయనకు ఒంటరిగా దొరికామా, ఇక అయిపోయినట్టే. "నీ పాస్‌వర్డ్ ఏమిటోయ్?" అంటారు. చెబితే "చూశావా, అడగ్గానే చెప్పేశావు!" అని మందలింపు. చెప్పకపోతే, "మీ అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం, మధ్యలో ఒక ఎట్ గుర్తు, అంతేగా?" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. ఆ పైన పాఠం మొదలు. పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోవాలి. గుర్తుపెట్టుకోవాల్సింది మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. మిగతావన్నీ యంత్రం పుట్టించే 24 అక్షరాల గజిబిజి. తన బ్యాంకు పాస్‌వర్డ్ తనకే తెలియదని చెప్పుకోవడం ఆయనకు గొప్ప. "మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీవాడికి కూడా తెలియదు. మర్చిపోతే దేవుడు కూడా తెరవలేడు" అని దేవుడి నిస్సహాయతను ఎంతో సంతోషంగా చాటుతారు.

చరిత్ర కూడా ఆయనకు కంఠోపాఠమే. ఒకే కంప్యూటర్‌ను పదిమంది పంచుకోవాల్సి వచ్చి, ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని 1960ల మొదట్లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం పాస్‌వర్డులు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన మెషీన్ టైము చాలక, అందరి పాస్‌వర్డులున్న ఫైలును ఏకంగా ప్రింటు తీయించుకున్నాడు. "తాళం వేసి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే దొంగ!" అంటూ బాబాయిగారు ఆ దొంగను కాస్త మెచ్చుకోలుగానే తలుచుకుంటారు. ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డులు మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో చెప్పిన మాటను ప్రింటు తీసుకుని తన పాత బ్రాంచికి కూడా వెళ్లారు. మేనేజరు మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించాడు.

ఇలాంటి మనిషి మీదికి పాస్‌వర్డ్ మేనేజర్ అప్‌గ్రేడ్ వచ్చి పడింది.

ఎప్పుడో ఒకసారి డబ్బు కట్టి కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ అది. కొత్త వెర్షన్‌లో ఏటేటా చందా కట్టాలట. ఆయన కంప్యూటర్‌లో ఉండే పాస్‌వర్డుల ఖజానా కంపెనీ సర్వర్లకు మకాం మార్చాలట. "నా బీరువా వాళ్ల ఇంట్లో పెట్టి, నాకే అద్దె వెయ్యడమేమిటోయ్?" అన్నారు. దానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

డబ్బు సంగతి అలా ఉంచి, అసలు దెబ్బ మర్నాడు పొద్దున తగిలింది. విశాఖ పెళ్లికి ఏసీ తత్కాల్ తియ్యాలి. బుకింగ్ పదింటికి తెరుస్తారు. బాబాయిగారు తొమ్మిదిన్నరకే స్నానం చేసి, కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. సరిగ్గా పది. రైల్వే సైటు మీద అడ్డంగా పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టె ఒకటి లేచింది: 'కొత్త రూపానికి స్వాగతం! ఒకసారి చుట్టి చూద్దామా?' 'వద్దు' అనే మాట బూడిదరంగులో, భూతద్దానికి కూడా అందనంత చిన్నగా ఉంది. తర్వాత, తర్వాత, తర్వాత అని నొక్కుకుంటూ పోతే వేలిముద్ర గుర్తులేదంది. మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టమంది. అదేమో ఆయన బందోబస్తుగా పెట్టుకున్న ఒక పూర్తి వాక్యం. చూపుడువేలితో అక్షరం అక్షరం కొడుతుంటే, వెనక నుంచి పిన్నిగారు "అయిందా అండీ?" తీరా తలుపు తెరుచుకున్నాక, పాస్‌వర్డ్ వెళ్లి క్యాప్చా గడిలో పడింది. సరిచేసుకుని లోపలికి వెళ్లేసరికి వెయిటింగ్ లిస్టు. చివరికి బస్సులో వెళ్లారు. బస్సు యాప్ పాస్‌వర్డే అడగలేదు, ఓటీపీతో టికెట్ ఇచ్చేసింది. బాబాయిగారిని అన్నిటికంటే బాధపెట్టింది అదే.

పెళ్లి నుంచి రాగానే కంపెనీకి ఉత్తరం రాశారు. విషయం, సూచిక, 'పై విషయమును పురస్కరించుకొని' అన్నీ ఉన్న ఉత్తరం. 'మీ అభిప్రాయం మాకు అమూల్యం. క్యాషే క్లియర్ చేసి చూడగలరు' అని జవాబొచ్చింది. "మేమూ కస్టమర్లకు ఇలాగే రాసేవాళ్లం. అంటే ఇక చెయ్యరన్నమాట" అని అనుభవం మీద తేల్చేశారు.

ఆయనకు పాత వెర్షనంటే ఇప్పుడు రామరాజ్యం. ఆ పాత వెర్షన్ వచ్చిన కొత్తలో దాన్నీ ఇలాగే తిట్టిన సంగతి బ్లాకులో ఎవరూ మర్చిపోలేదు. గుర్తుచేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. పోనీ పాతదాంట్లోనే ఉండిపోదామంటే, "అప్‌డేట్ చెయ్యకపోవడమంటే వీధి తలుపు తీసి పడుకోవడమే" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆయనే. పాతదానికి ఇక సెక్యూరిటీ మరమ్మతులు రావని అందరికంటే ముందు తెలిసిందీ ఆయనకే. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోతానని ఒక రాత్రి ఎక్స్‌పోర్ట్ నొక్కారు. డెస్క్‌టాప్ మీద మామూలు టెక్స్ట్ ఫైలొకటి ప్రత్యక్షమైంది. తెరిస్తే తన పాస్‌వర్డులన్నీ నూలుపోగు లేకుండా వరసగా నిలబడి ఉన్నాయి. గబగబా డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, ఎందుకైనా మంచిదని కిటికీ కర్టెన్ కూడా లాగి, మర్నాడు చందా కట్టేశారు.

నిజానికి ఆయనకు పోయింది పాస్‌వర్డు కాదు, పెద్దరికం. ఏ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలిగే మనిషికి, తొమ్మిదో తరగతి మనవరాలు వచ్చి "ఆ మూడు చుక్కల్లో ఉంది తాతయ్యా" అని చూపించింది. బ్యాంకు సైటులో పేస్ట్ పనిచెయ్యదు, తెరమీది కీబోర్డులో ఒక్కో అక్షరం నొక్కాలి. అందుకు పాస్‌వర్డులో ఉన్నది సున్నాయో, ఓ అక్షరమో తేల్చి చూపే పెద్దక్షరాల సదుపాయం కూడా ఆ చుక్కల్లోనే దాక్కుంది.

ఆయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత నోటీసు బోర్డు మీద, నీళ్ల ట్యాంకరు బిల్లు పక్కన, ఒక తెల్లకాగితం వెలిసింది: 'కొత్త వెర్షన్‌లో ఏది ఎక్కడ? సందేహాలకు ఆదివారం ఉదయం సంప్రదించండి.' కింద బ్యాంకు రోజుల నాటి పొడవాటి సంతకం. మొన్న ఆదివారం వాళ్ల గుమ్మం ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు. పిన్నిగారు రెండోసారి కాఫీ డికాక్షన్ వేశారు. కంపెనీవాళ్లు మనసు మార్చుకుని పాత రూపమే తిరిగి ఇస్తామంటే, ముందుగా అభ్యంతరం చెప్పేది ఇప్పుడు బాబాయిగారే.