ర్యామెంత?

చిక్కడపల్లిలో ఆయన్ని అందరూ పెన్‌డ్రైవ్ బాబాయిగారంటారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది కాబోలు. రిటైరయ్యాక కొందరు భగవద్గీత పట్టుకుంటారు, కొందరు పార్కు బెంచీ పట్టుకుంటారు. ఈయన పాత కంప్యూటర్లు పట్టుకున్నారు. జేబులో వక్కపొడి డబ్బా. మూత తీస్తే వక్క ఉండదు, ఆరు పెన్‌డ్రైవ్‌లుంటాయి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టరు ముక్క, దానిమీద బాల్‌పెన్నుతో మింట్, లుబుంటు, పప్పీ అని, విండోస్‌కి బదులు ఎక్కించే లైనక్స్ రకాల పేర్లు. ఒకదానిమీద మాత్రం 'చూడాలి' అని రాసుంటుంది. మూడేళ్లుగా అలాగే ఉంది.

"బాగున్నారా?" అంటే జవాబు "ర్యామెంత?" అనే. రెండు జీబీ అంటే హోమియో డాక్టరులా కళ్లు మూసుకుని తల పంకిస్తారు. నాలుగంటే మొహం విప్పారుతుంది. పదహారంటే మాట మారుస్తారు. ఒళ్లు బాగున్నవాడితో వైద్యుడికేం పని?

విండోస్ తద్దినాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. "ఎక్స్‌పీ 2014 ఏప్రిల్ 8న పోయింది. సెవెన్ 2020 జనవరి 14న, సరిగ్గా భోగినాడు. టెన్ 2025 అక్టోబర్ 14న, దీపావళి ఆరు రోజులుందనగా." పోవడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు, కంపెనీ భద్రతా మరమ్మతులు పంపడం మానేయడం. ఈ తేడా ఆయన చెప్పరు. చెబితే జనం భయపడరు కదా.

నిజానికి ఆయన వైద్యంలో బాగా గుణమిచ్చేది ఒకటే: పాత హార్డ్‌డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ పెట్టించడం. అది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఏ కుర్రాణ్ణడిగినా చెబుతాడు. అందుకే దాన్ని ఆఖర్న, గొణిగినట్టు చెబుతారు.

అశోక్‌నగర్ రూములో గ్రూప్స్‌కి చదివే కుర్రాడొకడు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో దొరికాడు. "విండోస్ పదకొండుకి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెలైతే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. నీది నాలుగో తరం. సంబంధం కుదరదు నాయనా" అని తేల్చేశారు. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూపించారు. వైఫై తగులుకుంది, పీడీఎఫ్ తెరుచుకుంది. ఇంకేం, ఎక్కించేశారు.

మూడోనాడు సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర కుర్రాడు పట్టుకున్నాడు. "అంకుల్, పీడీఎఫ్‌లు మంచిగ తెరుస్తున్నయ్. గానీ కోచింగోళ్ల వీడియో యాప్ ఎక్కుతలేదు. విండోస్ల, ఫోన్లనే వస్తదంట."

"దానికేముందోయ్, వైన్ వేద్దాం!"

"వద్దంకుల్, పరీక్షయ్యేదాక మానేసిన."

లైనక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే సాధనం పేరు వైన్ అని ఆయన వివరించేసరికి కుర్రాడి చాయ్ చల్లారింది. వేసినా ఆ యాప్ నడవలేదు. ఇప్పుడతను క్లాసులు ఫోన్లో చూస్తూ నోట్సు ల్యాప్‌టాప్‌లో రాసుకుంటున్నాడు. ఆయన లెక్కలో అది గెలుపే.

ఓడింది నారాయణగూడ సందులోని డీటీపీ షాపులో. అక్కడ 2001లో వచ్చిన ఎక్స్‌పీ, అదే ఏడు వచ్చిన పేజ్‌మేకర్ 7, తోడుగా అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు అన్నీ దానిమీదే. బాబాయిగారు పప్పీతో ఆ మెషిన్ని లేపారు. కొన్ని వందల ఎంబీల సరుకు, మొత్తం ర్యాములోనే కూర్చుంటుంది. ముసలి డబ్బా లేడిపిల్లలా గెంతింది. "చూశావా!" అంటూ పెళ్లి మేటర్ ఫైలొకటి తెరిచారు.

అను అక్షరాలు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేకపోతే తెలుగు కాస్తా ఇంగ్లీషు ముక్కలూ గుర్తులూ అయిపోతుంది. పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట డాలరు గుర్తులు కనిపించాయి. అమెరికా సంబంధమేమో అనుకున్నాను.

షాపాయన ఏమీ అనలేదు. పెన్‌డ్రైవ్ పీకి, మెషిన్ మళ్లీ ఆన్ చేశాడు. ఎక్స్‌పీ పాట వినిపించింది, పచ్చిక బయలు కనిపించింది.

బాబాయిగారు కాసేపు ఆ పచ్చికనే చూశారు. "సరే, దీన్నిలాగే ఉంచు. నెట్ మాత్రం పెట్టకు. ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది గుచ్చనివ్వకు."

షాపాయన ఆయన చేతిలోని డబ్బా వైపు చూశాడు. బాబాయిగారు మూత నొక్కి జేబులో వేసుకుని, కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"మా మనవడి ఒడుగు కార్డు ప్రూఫు ఏదీ? ఇదిగో, 'ద్వితీయ' దగ్గర వ వత్తు పక్కకి జరిగింది. కాస్త లోపలికి లాగు."