మరి సాయం పట్టేదెవరు?

నేను రాజోలులో ఓ మామ్మగారి చక్రాల కుర్చీని. ఇనప గొట్టాలు, రెగ్జిన్ సీటు. మడిస్తే తలుపు వెనక పట్టేస్తాను. ఇంట్లో, గుడి దగ్గర, కాలవగట్టు మీద నాకు ఢోకా లేదు. బండెక్కితేనే చిక్కు.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే చక్రాలకు బ్రేకులు వేసుకుని గోదావరి దాటేస్తాను. వ్యానులో అవి చాలవు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కాక డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడా, నా చక్రాలు బిగిసే ఉంటాయి, నేను మాత్రం మామ్మగారితో సహా ముందుకు జారిపోతాను. అందుకని నన్ను బండి పోయే దిక్కుకే తిప్పి, ముందు రెండు, వెనక రెండు పట్టీలతో నేలకు బిగించాలి. పట్టీ నా చట్రానికి తగిలించాలి, చక్రానికి కాదు. మామ్మగారికి వేరే బెల్టు: తుంటి ఎముక మీదుగా ఒకటి, భుజం మీదుగా ఒకటి. అది నా చేతుల మీంచి పోతే దండగ, ఒంటికి ఆనాలి.

గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షించిన కుర్చీలు విదేశాల్లో ఉన్నాయి. నేను ఆ జాతి కాదు. కాబట్టి మామ్మగారిని కారు సీటులోకి మార్చి, బెల్టు పెట్టి, నన్ను డిక్కీలో పడేయడమే మేలు. నాకేం నామోషీ లేదు.

ఇప్పుడు డ్రైవరు లేని బళ్లట! హైదరాబాదు ఐఐటీ ఆవరణలో ‘తిహాన్’ అనే పరిశోధన కేంద్రం వాళ్లు నడుపుతున్నారని మనవడు ఫోనులో చూపించాడు. మామ్మగారు ఒకటే అడిగారు: “మరి సాయం పట్టేదెవర్రా?”

వాడు నీళ్లు నమిలాడు. ర్యాంపు దించేదీ, పట్టీలు బిగించేదీ, బెల్టు మెలిపడిందేమో చూసేదీ ఇన్నాళ్లూ మనిషే కదండీ. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికో దారి వెతికారు. కుర్చీ వెనక ఓ చట్రం, బండిలో దాన్ని పట్టే కొక్కేలు. వెనక్కి నడిపితే తాళం పడుతుంది. బెల్టునూ యంత్రమే ఒంటి మీదకి తెస్తుంది. అయితే బండిలో కొక్కెం ఉంటే సరిపోదు, కుర్చీకి చట్రమూ ఉండాలి. బండి చేసేవాళ్లూ కుర్చీ చేసేవాళ్లూ ఒకే కొలతకు ఒప్పుకోకపోతే ఇదంతా బొమ్మల కొలువే.

బండ్లు చేసే బాబులూ, తాళం పడి, బెల్టు ఒంటికి ఆనేదాకా బండి కదలకుండా చూడండి. వ్యాన్లు నడిపే తమ్ముళ్లూ, సీటులోకి మారలేనివాళ్లు మీ బండీ ఎక్కుతారు. నాలుగు పట్టీలు, ఓ బెల్టు ఇప్పుడే పెట్టించండి.