బావర్చీఖానా స్వయంవరం

అవధరించండి, భోజనప్రియులారా! మూసీ 1908లో ఉగ్రరూపం దాల్చి నగరాన్ని ముంచిపోయాక, 1912లో వెలసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేతిచలువన చార్మినార్‌కు ఉత్తరాన రాతి కమానుల బారులు రెండు ఎదురెదురుగా లేచాయి. అదే పత్తర్‌గట్టి. ఆ కమానుల నీడలో ముత్యాలు మెరుస్తాయి, పెళ్లి షేర్వానీలు హుందాగా వేలాడతాయి, అత్తరు బుడ్లు మూతల వెనుక నుంచే పలకరిస్తాయి. పురవర్ణన ఇంకా సాగదీయవచ్చు గాని, ఆకలిగొన్నవాడికి కమానులతో ఏం పని? మదీనా చౌరస్తా దాకా వ్యాపించిన బిరిస్తా వాసన వాడి ముక్కు పట్టుకుని ఒకానొక హోటల్‌లోకి ఈడ్చుకుపోతుంది.

ఆ హోటల్ వెనుకభాగాన వసించునది బావర్చీఖానా అను కన్య. మసియే కాటుక, ఆవిరియే మేలిముసుగు, పుదీనాయే తలపూవు. ఈమెను తరతరాలుగా ఏలినది వెయిటర్ల కంఠం. "దో మటన్ సింగల్, ఏక్ చికెన్ ఫుల్, సాలన్ జ్యాదా!" అని ముందుగది నుంచి దూసుకొచ్చిన శబ్దబాణం వడ్డన కౌంటర్‌ను తాకగానే, కఫ్గీర్ ధరించిన ఉస్తాద్ దానిని ధారణలో నిలిపేవాడు. వెయిటర్లు పృచ్ఛకులు, ఉస్తాద్ అవధాని. తనకు లెగ్ పీసే రావాలని మధ్యలో మారాం చేసే గిరాకీది అప్రస్తుత ప్రసంగం. ఇంతవరకు సభ రంజుగానే సాగింది.

ఎప్పుడైతే కౌంటర్ మీద స్విగ్గీ పలక ఒకటి, జొమాటో పలక ఒకటి వెలసి ఎడతెగని ఘంటాగణనం మొదలెట్టాయో, గల్లా పక్కన యూపీఐ డబ్బా "మూడు వందల ఇరవై రూపాయలు" అని అశరీరవాణి వినిపించసాగిందో, ఆనాడు ధారణ చెదిరింది. సింగల్ అడిగినవాడికి ఫుల్ పోయింది. ఫుల్ అడిగినవాడు టేబుల్ వద్దే తపస్సు చేశాడు. పన్నుల ధర్మశాస్త్రం సరేసరి. హోటల్లో కూర్చుని తిన్నవాడి 5 శాతం జీఎస్టీ సేఠ్ కట్టాలి. యాప్‌లో తెప్పించుకున్నవాడి పన్ను 2022 జనవరి 1 నుంచి ఆ యాప్ కంపెనీయే కట్టాలి. ఒకే దేగ్‌లోని బిర్యానీ రెండు రాజ్యాలకు కప్పం కడుతోందన్నమాట. వంటింటికి ఆర్డర్లు చేరవేసే వరుడి కోసం హోటల్ చిన్న సేఠ్ స్వయంవరం చాటించక ఏం చేస్తాడు?

వందిమాగధుడి వేషంలో మెడకు టై, చంకన ల్యాప్‌టాప్‌తో సేల్స్ కుర్రాడొకడు వచ్చి వరులను పొగడనారంభించాడు.

మొదటివాడు థర్మల్ ప్రింటర్. ధవళవస్త్రధారి, మితభాషి. సిరా ఎరుగడు, వేడితోనే కాగితం మీద అక్షరం పుట్టిస్తాడు. ఆహా అన్నారంతా. అయితే ఆ ఆర్డర్ చీటీని తీసుకెళ్లి తందూర్ పక్కన గోడకు అంటించగానే, వేడికి అక్షరాలే కాక కాగితమంతా పుట్టింది. అంటే, నిలువెల్లా నల్లబడింది. ఆర్డర్ అమావాస్యలో కలిసిపోయింది. ఏసీ గదిలో బిల్లు కొట్టడానికి ఇంతటివాడు లేడు. భట్టీ ముందు మాత్రం వీడి తెలివే వీడికి శాపం.

రెండవవాడు తెర. గోడకెక్కి కూర్చుని, ఆర్డర్ రాగానే ఆకుపచ్చగా చిగురించి, ఆలస్యమైతే పసుపుపచ్చగా పండి, మరీ ఆలస్యమైతే క్రోధారుణ నేత్రుడై చూస్తాడు. మైదాపిండి వేళ్లతో తాకితే పలకడు, తడివేళ్లతో తాకితే తడబడతాడు. ఆవిరి, నూనె పొరలు వారం తిరక్కముందే ఆయన మొహానికి కంటిశుక్లాలు తెచ్చాయి. దూరంగా మీటల పలక ఒకటి బిగిస్తే ఈ దోషం పోతుందన్నాడు మాగధుడు. దానికి ధర వేరేనట.

మూడవవాడు పాతకాలపు సూదుల ప్రింటర్. బొద్దుగా, మోటుగా ఉంటాడు. రిబ్బన్ కట్టుకుని మామూలు కాగితాన్ని సూదులతో పొడుస్తూ కర్రుకర్రుమని అరుస్తాడు. సభాసదులు మొహం చిట్లించారు. కానీ వీడి చీటీ వేడికి నల్లబడదు. మారిన ఆర్డర్‌ను ఎర్రక్షరాల్లో చూపగలడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులోనూ ఆ అరుపు కబాబ్‌వాడికి వినబడుతుంది. ఇన్నేళ్లు కేకలతో కాపురం చేసిన కన్యకు అరిచే మొగుడే నచ్చడంలో వింతేముంది? పుదీనా మాల వీడి మెడలో పడింది. నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి.

ఇక్కడితో కథ కంచికి పోవాల్సింది. కానీ ఉస్తాద్ లేచాడు. తందూరీ, కబాబ్, ఫ్రైడ్ రైస్ చీటీ చూసి వండేవి, సరే. మరి దేగ్ సంగతి? కచ్చే గోష్త్ బిర్యానీ చీటీ చూసి పుట్టదు. మసాలాలో నానిన పచ్చిమాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండిముద్ర వేసి, పైన కిందా నిప్పులు పేర్చాక మళ్లీ దమ్ దిగేదాకా బ్రహ్మకైనా లోపలికి ప్రవేశం లేదు. గిరాకీ బాద్షా ఇంకా ఇంట్లో నిద్రలేవకముందే అతడి ప్లేటు ఇక్కడ నిశ్చయమైపోతుంది. ఎక్కువ ఎక్కిస్తే రాత్రికి మిగులు, తక్కువ ఎక్కిస్తే మధ్యాహ్నానికే "ఖతమ్" అన్న బోర్డు. ఉస్తాద్‌కు కావలసింది ఆర్డర్ ఎంత వేగంగా వచ్చిందో కాదు, రేపు ఎన్ని దేగ్‌లు ఎక్కించాలో.

ఆ మాటకు మాగధుడు పొంగిపోయి నాలుగవవాణ్ణి పిలిచాడు. మేఘమండల నివాసి, నిరాకారుడు, నెలనెలా దక్షిణ తీసుకునేవాడు, నెట్ పోతే అంతర్ధానమయ్యేవాడు అయిన సాఫ్ట్‌వేర్. "గత సంవత్సరం ఇదే తేదీన ఎంత అమ్మారో చూసి రేపటి లెక్క చెబుతాడు ఉస్తాద్!"

ఉస్తాద్ కఫ్గీర్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. 2024లో రంజాన్ మార్చి 12న మొదలైంది, 2025లో మార్చి 2న. అంటే 2025 మార్చి 2న వీడు నిరుటి మార్చి 2 పుటను తిప్పి, మధ్యాహ్నానికి దేగ్‌ల మీద దేగ్‌లు ఎక్కించమంటాడు. ఆ మధ్యాహ్నం పత్తర్‌గట్టి ఉపవాసంలో ఉంటుంది. ఇఫ్తార్ దాటాక హలీం భట్టీల ముందు జనసముద్రం పోటెత్తి, అర్ధరాత్రి దాకా బజారు వెలిగిపోతుంటే, వీడు నిరుటి రాత్రిని తలచుకుని పొయ్యి ఆర్పమంటాడు. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. వీడి పంచాంగం మాత్రం జరగదు.

"చాంద్ కిధర్ హై ఇస్మే, మియా?" అన్నాడు ఉస్తాద్.

మాగధుడు ల్యాప్‌టాప్‌లో అన్ని మెనూలూ గాలించాడు. పండుగల జాబితాలో క్రిస్మస్ దొరికింది, వాలెంటైన్స్ డే కూడా దొరికింది. చెమట తుడుచుకుని కంపెనీకి ఫోన్ చేశాడు. నెలవంక కోసం టికెట్ రైజ్ చేశారట. వచ్చే అప్‌డేట్‌లో చూస్తారట. అంతవరకు దేగ్‌ల లెక్క ఉస్తాద్ జేబులోని నోట్‌బుక్కులోనే, హిజ్రీ తేదీల వారీగా, ఉర్దూలో ఉంటుంది. దానికి బ్యాకప్ లేదు.